గుండుతో సిలోన్‌కు

దగ్గరికి జరిగి కూర్చోండి, సిలోన్ గడప దగ్గర నేను ఆగిపోయిన సంగతి చెబుతాను.

అక్కడి తేయాకు తోటలో పనిచేసే మా అక్కను చూసి పదేళ్లయింది. హోసూరు నుంచి పదిహేను రోజులకు వెళ్లి రావాలన్నా పాస్‌పోర్టు, వీసా, మశూచి టీకా కాగితం అన్నీ కావాలి. వీసా వస్తే తలనీలాలు ఇస్తానని తిరుపతి వెంకన్నకు మొక్కుకున్నాను. వచ్చింది. మొక్కు తీర్చుకున్నాకే మా ఆయనతో కలిసి ఓడెక్కాను.

సిలోన్ రేవు తలైమన్నారులో దిగగానే సింహళ ఆఫీసరు పాస్‌పోర్టు ఫోటోలో నా కొప్పు చూశాడు, ఎదురుగా నా గుండు చూశాడు. "ఈమె వేరే మనిషి, వెనక్కి పంపించండి" అని అరవంలో అన్నాడు.

"తిరిగొచ్చినాక కొట్టించుకోమంటే వింటివా నువ్వు?" అని మా ఆయన గొణిగాడు.

"మొక్కు నెత్తిన పెట్టుకొని సముద్రం దాటేదా?" అని ఆయన్ని కసిరి, ఆఫీసరుతో నాకొచ్చిన అరవంలో చెప్పాను. "నేనేనప్పా. మీ వీసా వస్తే జుట్టిస్తానని మా సామికి మొక్కినాను, ఇచ్చేసినాను."

"మా దగ్గర సన్యాసినులే గుండు చేయించుకుంటారు. మొగుడు పక్కనుండగా వీసా కోసం జుట్టిచ్చినావా!" అని అతను నవ్వాడు. బొటనవేలితో ఫోటోలోని కొప్పు మూసి, మిగిలిన ముఖాన్ని నా ముఖంతో పోల్చి చూసి ముద్ర వేశాడు.

అక్కకు ఏ ఫోటో అక్కర్లేకపోయింది. దూరం నుంచే "తిరపతికి పోయొచ్చినావా చెల్లీ?" అంటూ పరుగెత్తుకొచ్చింది.

మీ ఇంటికొచ్చే చుట్టాలు ఏ గడప దగ్గరా ఆగకుండా రావాలి, మీ ఇల్లు చల్లగా ఉండాలి.