రోగి పాత్రలో డోరతీ

డోరతీ ఎవరితో మాట్లాడాలన్నా ముందు స్టూలు లాక్కుంటుంది. పాదంతో దగ్గరికి జరుపుకుని, లుంగీ సర్దుకుని, తన కళ్ళు ఎదుటి మనిషి కళ్ళకు సమానంగా వచ్చేలా కూర్చుంటుంది. అప్పుడే నోరు తెరుస్తుంది.

ఆమె ఉండే బర్మా నగరంలో, పబేడాన్ వీధుల్లో ఇందుకు ఇబ్బంది లేదు. టీ కొట్ల ముందు పొట్టి ప్లాస్టిక్ స్టూళ్ళు దారి నిండా ఉంటాయి. ఒకటి లాక్కుంటే ఎవరూ ఏమీ అనరు. చేపలమ్మే దేముడమ్మ మాత్రం అంటుంది.

"ఏటి డోరతమ్మా, బేరానికి కూడా కూకోవాలా? నా చేపకేటి జొరమొచ్చిందా?"

"నువ్వు కింద కూకున్నావు. నేను నిలబడితే నీ మెడ నొప్పెడతాది."

"నా మెడ సంగతి నీకెందుకు? ధర తగ్గదు."

ధర తగ్గదు. డోరతీ కూర్చునే అడుగుతుంది, కూర్చునే కొంటుంది.

ఆమె అదే నగరంలో చిమిండైంగ్‌లో పుట్టింది. తాత విశాఖ తీరం నుంచి రేవు పనికి వచ్చినవాడు. తండ్రి అదే రేవులో గుమాస్తా. బాప్టిస్టు కుటుంబం. డోరతీ అన్నది నాన్నమ్మ పేరు. నాన్నమ్మకు ఆ పేరు ఒక దొరసాని పెట్టింది. డోరతీ నర్సు చదువు చదివి, ప్రభుత్వాసుపత్రిలో చాలాకాలం పనిచేసి, నలభై దగ్గర పడుతుండగా బ్రిటన్‌కు నర్సులు కావాలని విని పరీక్షలు రాసింది. ఇంగ్లండు ఉత్తరాన ఒక ఊళ్ళో ఉద్యోగం వచ్చింది.

అక్కడ ఆ పేరు ఎనభై ఏళ్ళవాళ్ళకే ఉంది. ఒకసారి ఆమె వార్డులో ఇద్దరు డోరతీలు మంచాల్లో ఉన్నారు, ఒక డోరతీ కాళ్ళ మీద నిలబడి ఉంది.

మొదటి నెలలో తుంటి విరిగిన ముసలావిడ ఒకామె వచ్చింది. పక్కన కొడుకు నిలబడి ఉన్నాడు. డోరతీ చేతులు కట్టుకుని నిటారుగా నిలబడి, మర్నాటి ఆపరేషన్ గురించి కొడుక్కి వివరంగా చెప్పింది. ఇక్కడ బర్మాలో అలాగే చేస్తారు. పెద్దావిడను అలాంటి మాటలతో కదిలించరు. నిలబడ్డ మగమనిషికి చెప్తారు. ముసలావిడ చివరిదాకా విని, తుంటి విరిగింది వాడిది కాదు, నాది, అంది. ఆ కుర్చీ లాక్కో, కూర్చుని నాకు చెప్పు, అంది.

డోరతీ కూర్చుంది. ఆనాటి నుంచి కూర్చుంటూనే ఉంది.

ఆ ఆసుపత్రిలో గుంటూరు వైపు డాక్టరు ఒకాయన ఉండేవాడు. తెలుగు వినబడిందని ఆమె సంతోషంగా రెండు మాటలు మాట్లాడింది. "మీ తెలుగు మా పొలంలో పనివాళ్ళ తెలుగులా ఉందండీ" అని ఆయన నవ్వాడు. చెడ్డగా నవ్వలేదు. ఆ తర్వాత ఆమె ఆయనతో ఇంగ్లీషులోనే మాట్లాడింది. పక్కింటావిడ ఏటా క్రిస్మస్‌కు కేకు తెచ్చి గుమ్మంలోనే ఇచ్చి వెళ్ళేది. ఆమె అక్కడున్న పదకొండేళ్ళూ గుమ్మంలోనే. కేకు బాగుండేది.

పెళ్ళి చేసుకోలేదేమని అడిగితే నైట్ డ్యూటీలు ఎక్కువ ఉండేవంటుంది. ఎందుకు తిరిగి వచ్చావంటే, చాలనిపించింది అంటుంది. ఇంకేమీ చెప్పదు.

ఇప్పుడు పబేడాన్‌లో ఒక మేడ మీద, మూడో అంతస్తులో, బ్రిటన్ వెళ్ళదలచిన నర్సులకు పాఠం చెప్తుంది. వాళ్ళు రాసే ఇంగ్లీషు పరీక్షలో ఒక భాగం మాట్లాడటం. ఒకరు రోగిగా ఉంటారు, అభ్యర్థి నర్సుగా మాట్లాడాలి. సందర్భం ఏమిటో ఒక కార్డు మీద ఉంటుంది. డోరతీ కిటికీ పక్క మంచం మీద దుప్పటి కప్పుకుని రోగి అవుతుంది. ఒక రోజు చక్కెర జబ్బు, ఒక రోజు విరిగిన చెయ్యి, ఒక రోజు మందులు మింగనని మొండికేసే తాత. పిల్లలు ఆమెను సయామా అంటారు. బర్మీస్‌లో పంతులమ్మ అని అర్థం.

మొన్న వానాకాలంలో, ఒక గురువారం, మేనల్లుడు ఎడ్విన్ రాజు వచ్చాడు. వెనక వీధిలో ఫోన్లు బాగుచేసే కొట్టు అతనిది. డోరతీ తాను కూర్చుని, అతనికో స్టూలు జరిపింది. అతను కూర్చోలేదు.

"నాన్నకి అల్సర్ కాదత్తా. పొట్టలో కేన్సరు. లివర్‌కి కూడా పాకీసింది."

ఎడ్విన్ తండ్రి జ్ఞానదాసు, డోరతీ అన్న. నదికి అవతల దలాలో ఉంటాడు. ఒంట్లో బాగోలేదని నెలరోజులుగా అందరికీ తెలుసు.

"డాక్టరు నన్ను బయటికి పిలిచి చెప్పీసినాడు. సోమవారం నుంచి ఇంజక్షన్లు. నాన్నకి బలానికని చెప్పాం."

"చెప్పాం అంటే?"

"అమ్మా, నేనూ. నువ్వు కూడా అదే చెప్పు. నర్సువి కద, నువ్వంటే నమ్ముతాడు."

"సూది పొడిపించుకునేది ఆయన కద ఎడ్విన్."

"అత్తా, ఇది లండన్ కాదు."

"నేను లండన్లో ఉండలేదు."

"జోకులొద్దు. తెలిస్తే మంచం దిగడు. మా పక్కింటి రాజబాబు గారు ఏమయ్యారు? రిపోర్టు చదివారు, గోడవైపు తిరిగి పడుకున్నారు. మళ్ళీ ఇటు తిరగలేదు. నాన్న అలగ పడుకోడం నేను చూడలేను."

అతను ఏడుస్తున్నాడు. ఆమె సరేనంది.

శనివారం క్లాసులో రాధ వంతు వచ్చింది. రాధ తాతలు కూడా రేవు పనివాళ్ళే. క్లాసులో తెలుగు వచ్చింది ఆమె ఒక్కదానికే. ఆమెకు దొరికిన కార్డు ఇది: రోగికి నయంకాని జబ్బు. ఏమైందని రోగి అడుగుతాడు. చెప్పవద్దని కుటుంబం కోరింది. నర్సు మాట్లాడాలి.

కార్డులన్నీ డోరతీ తయారు చేసినవే. ఇది కూడా.

ఆమె దుప్పటి గడ్డం దాకా లాక్కుని, ఇంగ్లీషులో, నాకేమైంది సిస్టర్, అందరూ గుసగుసలాడుతున్నారు, అంది. రాధ చక్కగా కుర్చీ లాక్కుంది. చక్కగా కళ్ళలోకి చూసింది. మీ అబ్బాయి అన్నీ చూసుకుంటున్నారు, మీరు విశ్రాంతి తీసుకోండి, అంది. మిగతా అమ్మాయిలు తలలూపారు.

ఇంకో రోజయితే డోరతీ అక్కడే ఆపేది. ముందు రోగిని అడగాలని చెప్పేది. మీకెంత తెలుసు, ఇంకెంత తెలుసుకోవాలని ఉంది, అని. ఆ రోజు ఆమె దుప్పటి కింద అలాగే ఉండిపోయింది.

"సయామా, తప్పా?" రాధ తెలుగులో అడిగింది.

"పరీక్షలో తప్పు."

"ఇంట్లో?"

కరెంటు పోయి ఫ్యాను ఆగింది. డోరతీ లేచి కూర్చుంది.

"మా తాతకి మేం చెప్పలేదు సయామా. బాగానే పోయాడు."

"బాగానే పోయాడని ఎవరన్నారు?"

"అందరూ అన్నారు."

"ఆయన తప్ప."

రాధ కార్డు కింద పెట్టేసింది. ఆ మాట అనకుండా ఉండాల్సిందని డోరతీకి వెంటనే అనిపించింది.

ఆదివారం చర్చి అయ్యాక ఆమె పడవెక్కి దలా వెళ్ళింది. ఏం చేయాలో నిర్ణయించుకుని వెళ్ళలేదు. ఎడ్విన్ కొట్టులో ఉన్నాడు. గేటు దగ్గర వదిన పద్మిని బుట్ట పట్టుకుని ఎదురొచ్చింది.

"ఏమీ అనకు డోరతీ. నీకు దణ్ణం పెడతాను." అని, బజారుకు వెళ్ళిపోయింది.

జ్ఞానదాసు వసారాలో పడక కుర్చీలో ఉన్నాడు. అరవై ఆరేళ్ళ మనిషి, ఆ నెలలో ఇంకా ముసలివాడయ్యాడు. చెల్లెల్ని ఇప్పటికీ చిన్నమ్మీ అనే పిలుస్తాడు.

"వచ్చీసినావా చిన్నమ్మీ. ఏటి, ఏదో ఉన్నాది."

"ఏటున్నాది? ఎప్పుడూ ఇలగే కూకుంటాను కద."

"ఎప్పుడూ కూకుంటావు. ఇయ్యాల స్టూలు రెండుసార్లు జరిపినావు."

ఆమె స్టూలు ఇంకోసారి జరపబోయి ఆపింది.

"అన్నయ్యా, నీ ఒంట్లో ఏటయిందో నీకెంత తెలుసు?"

"అల్సరన్నారు. బలానికి సూదులన్నారు."

"ఇంకా తెలుసుకోవాలని ఉన్నాదా? వద్దంటే వద్దు. నేనేటీ అనుకోను. టీ తాగి వెళ్ళిపోతాను."

జ్ఞానదాసు రోడ్డువైపు చూశాడు. బియ్యం బస్తాలతో ఒక సైకిల్ రిక్షా వెళ్ళింది. అది మలుపు తిరిగేదాకా చూశాడు.

"చెప్పు."

ఆమె చెప్పింది. జబ్బు పేరు చెప్పింది. అది ఎక్కడ మొదలై ఎక్కడికి పాకిందో చెప్పింది. నయం కాదంది. ఆ సూదులు కొన్ని నెలలు కలపవచ్చు, కలపకపోవచ్చు అంది. ఏ మాటనూ మెత్తగా చేయలేదు. మాటకూ మాటకూ మధ్య ఆగింది, అంతే.

అతను టీ అడిగాడు. ఆమె పెట్టి తెచ్చింది. సగం తాగాడు.

"ఆ మందుకి నోరు పుండవుతాదా?"

"అవ్వొచ్చు."

"అన్నం?"

"కొన్నాళ్ళు సయించదు."

"నువ్వయితే ఏటి చేస్తావు?"

ఈ ప్రశ్నకు ఏం చెప్పాలో కూడా ఆమె పిల్లలకు నేర్పుతుంది. నిర్ణయం మీది, నా సంగతి వేరు, అనాలి. ఆమె అది అనలేదు.

"నేను పొడిపించుకున్నాను."

"ఏటీ?"

"అక్కడుండగా. రొమ్ములో. కోసి తీసీసినారు, తర్వాత ఆ సూదులే."

జ్ఞానదాసు కుర్చీలో ముందుకు వంగాడు.

"డాక్టరు ఎదురుగా కూకుని నాకే చెప్పాడు. పక్కన ఒక నర్సు. బాగా చెప్పారు, తప్పు పట్టలేను. ఎవరినైనా పిలవమంటారా అనడిగారు. ఎవరూ లేరన్నాను. బస్సెక్కి ఇంటికెళ్ళాను. ఆ సాయంత్రమే మీకు ఫోన్ చేశాను. ఎడ్విన్ పదో తరగతి పాసయ్యాడని చెప్పినారు మీరు. అందరం నవ్వుకున్నాం."

"మరి మాకెందుకు చెప్పలేదే?"

"మీరు బాదపడతారని."

జ్ఞానదాసు ఆమెనే చూశాడు. తర్వాత నవ్వు మొదలైంది. నవ్వు దగ్గయింది, దగ్గు తగ్గాక మళ్ళీ నవ్వయింది.

"మరి మావోడి మీద కోపమెందుకు నీకు? ఆడూ నువ్వూ ఒకటే కద."

అన్నేళ్ళలో డోరతీ తాను దాచడాన్ని ఎప్పుడూ అలా చూడలేదు. ఆ దేశంలో ఎలా చెప్పాలో నేర్చుకుంది. ఎలా వినాలో కూడా నేర్చుకుంది. విన్నాక బస్సులో పక్క సీటు ఖాళీగా ఉన్న సంగతి ఎవరి పాఠంలోనూ లేదు. ఆమె పాఠంలోనూ లేదు.

"నాకు అన్నం కావాలే చిన్నమ్మీ," అన్నాడతను. "మీ వదిన పులుసు, ఇంత అన్నం. ఉన్నన్నాళ్ళూ అది తింటాను. సూదులొద్దు."

"నొప్పొస్తాది."

"నొప్పికి మందు లేదా?"

"ఉన్నాది. నేను చూసుకుంటాను."

"అయితే ఇంకేటి. ఎడ్విన్‌కి నువ్వే చెప్పు. ఆడి మొహం చూస్తే నేను సరేననీస్తాను."

పద్మిని తిరిగి వచ్చి ఇద్దరి ముఖాలూ చూసింది. బుట్ట కింద పెట్టింది.

"చెప్పీసినావా?"

"నేనే అడిగాను," అన్నాడు జ్ఞానదాసు.

పద్మిని అతని కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది. "ఇన్నాళ్ళూ వంటింట్లో ఉల్లిపాయల వంకతో ఏడ్చాను," అంది.

"నేనది ఉల్లిపాయలే అనుకున్నాను," అన్నాడతను.

ఆ సాయంత్రం ఆమె తిరిగి వచ్చేసరికి ఎడ్విన్ కొట్టు మూసి ఉంది. సోమవారం పొద్దున్న డోరతీ పిల్లలకు క్లాసు లేదని కబురు పంపి, తొలి పడవకు వెళ్ళింది. ఆ వేళ దలా నుంచి నగరానికి వచ్చే పడవ జనంతో నిండి ఉంటుంది, వెళ్ళే పడవ దాదాపు ఖాళీ. ఇల్లు చేరేసరికి గేటు ముందు రిక్షా ఆగి ఉంది. ఎడ్విన్ ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆసుపత్రి సంచితో బయటికి వస్తున్నాడు.

"నువ్వెందుకొచ్చావు అత్తా? మేం అటే వస్తున్నాం కద."

"నాన్నకి తెలుసు ఎడ్విన్. నేను చెప్పాను."

అతను సంచి ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు.

"మాటిచ్చావు."

"ఇచ్చాను. తప్పాను."

"ఎంత తెలుసు?"

"అంతా."

"గోడవైపు తిరిగాడా?"

"లేదు. టీ అడిగాడు."

ఎడ్విన్ రోడ్డు మీదే నిలబడిపోయాడు. రిక్షా అతను కిళ్ళీ నములుతూ అటు చూశాడు.

"ఇంజక్షన్లు వద్దంటున్నాడు. నీకు చెప్పడానికి ఆయనకి బయంగా ఉన్నాదట."

"ఆయనకి బయమేటి? నేను కదా..." అని ఆపేశాడు. "నువ్వే వద్దని ఉంటావు."

"నేనా? నేను అవే పొడిపించుకుని బతికాను. ఆ కత తర్వాత చెప్తాను, ఎంత తిట్టాలంటే అంత తిట్టు. ముందు లోపలికెళ్ళు."

అతను సంచి ఆమె చేతిలో పెట్టి, చెప్పులు విప్పకుండానే లోపలికి వెళ్ళాడు. తలుపు దగ్గర తిరిగి చూడలేదు. ఆమె రిక్షా అతన్ని వెళ్ళమని చెప్పి, పెరటి వైపు నుంచి వంటింట్లోకి వెళ్ళింది. ముందు గదిలో మాటలు వినబడుతున్నాయి, ఒకసారి పెద్దగా, ఒకసారి ఏమీ లేకుండా. ఆమె అటు వెళ్ళలేదు. సంచి తెరిచి తువ్వాలు తీసింది, లుంగీ తీసింది, పాటల పుస్తకం తీసింది. ఒక్కొక్కటీ దాని చోట పెట్టింది. ఫ్లాస్కు ఎక్కడ పెట్టాలో తెలియక పొయ్యి దగ్గరున్న వదినను అడిగింది.