వంటింట్లోకి వినబడిన గిటారు

మనిషి పోయాక ముఖం మరిచిపోతామేమోనని భయపడతారు. ముఖానికేం, గోడ మీద ఫోటో ఉంది. చొక్కాలు బీరువాలో ఉన్నాయి. చెప్పులు కూడా నేనింకా తీయలేదు. నాకు పోయింది మా ఆయన గిటారు శబ్దం.

మాది మద్రాసులో వ్యాసర్పాడి. రైలు యార్డు గోడ పక్క సందులో మేడ మీద రెండు గదులు. ఆయన యార్డులో ఫిట్టరు. శని, ఆదివారాల్లో ఒక పాట కచేరీ ట్రూపులో కరెంటు గిటారు వాయించేవాడు. పెళ్లి రిసెప్షన్లు, చెవులు కుట్టే ఫంక్షన్లు, తమిళుల ఆడి నెల జాతరలు వస్తే అమ్మవారి గుళ్లు. నేను వాషర్‌మెన్‌పేట్ మార్కెట్లో ఆకుకూరలు అమ్ముతాను. అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. సంతకం తప్ప రాత రాదు, ఇదంతా నోటితో చెబుతున్నదే. పిల్లలు కలగలేదు.

మధ్యాహ్నానికి కట్టలన్నీ అమ్ముడుపోతాయి. ఇంటికొచ్చి తలుపు తీశానంటే మళ్లీ మర్నాడు మార్కెట్లో అడుగు పెట్టేదాకా నోరు తెరిచే పనే ఉండదు. పొద్దున మొదటి బేరానికి నోరు తెరిస్తే గాలే వస్తుంది, మాట రాదు. ఇంట్లో చప్పుడు కోసం టీవీ పెట్టుకుంటాను. ఒకరోజు అన్నం కలుపుకుంటూ, ఆయన వాయించడం మనసులో విందామని చూశాను. వేళ్లు కనబడ్డాయి. తల ఒక పక్కకు వాల్చి కూర్చోవడం కనబడింది. శబ్దం మాత్రం రాలేదు. టీవీ నోరు నొక్కేసినట్టు బొమ్మ ఒక్కటే ఆడుతోంది. ముద్ద చేతిలోనే ఎండిపోయింది. ఎవరో తీసిన కచేరీ వీడియో ఫోన్లో ఉంది గానీ, అందులో డ్రమ్ములు, ఈలలే. గిటారు ఎక్కడుందో వెతుక్కోవాలి.

అలాంటి రోజుల్లో, ట్రూపులో ఆయన జాగాకు వచ్చినతను మా ఇంటికి వచ్చాడు. మా ఆయన్ని అన్నా అని, నన్ను వదినా అని పిలిచేవాడు. మా మాదిరే తాతల కాలం నుంచి మద్రాసులో ఉన్న తెలుగువాళ్లు. అతని గిటారు మెడ విరిగింది. ఆడి నెల నెత్తి మీదికొచ్చింది. అన్న గిటారు ఇస్తారా అని అడగడానికి వచ్చాడు.

“ఊరికే ఉండి తుప్పు పడతా ఉండాది గదా వదినా. నేను పాడు చేయను.”

“ఇస్తా. తీసుకోని పో,” అన్నాను. “ఒకటే మాట. పోయే ముందు ఆయన వాయించే సత్తం నాకు ఒక తడవ వినిపించల్ల. అదే సత్తం. పక్కింటోడి సత్తం వద్దు.”

అతను నవ్వాడు. “అంతేనా? అన్న టోను నాకు కంఠతా వచ్చు వదినా. ఆదివారం వస్తా.”

ఆదివారం ఒక చేతిలో గిటారు శబ్దాన్ని పెద్దది చేసే ఆంపు పెట్టె, ఇంకో చేతిలో స్వీటు పొట్లంతో మెట్లెక్కి వచ్చాడు. గిటారుకు కొత్త తీగలు బిగించాడు. ఆయన పిక్కులు దాచుకునే మాత్రల డబ్బా తీసి ఇచ్చాను. పిక్కంటే బొటనవేలి గోరంత బిళ్ల, దాంతోనే తీగలు మీటుతారు. అతను డబ్బాలోంచి నల్లటి మందపాటి బిళ్ల ఏరి, కళ్లకు అద్దుకున్నాడు.

“స్టేజీ మీద అన్న చేతిలో ఇదే ఉంటాది. కొన పక్క కాదు, ఈ గుండ్రం పక్కతో మీటుతాడు. అందుకే ఆ తేనె మాదిరి సత్తం.”

ఆంపుకు ప్లగ్గు పెట్టి మీటాడు. గది నిండిపోయింది. గుమ్మడికాయను తట్టినట్టు లోపలి నుంచి, గుండ్రంగా వచ్చింది. చాలా బాగుంది. కానీ అది ఆయనది కాదు.

“కాదబ్బా.”

“ఎట్ట కాదు వదినా? ఇది అన్నే!”

“నాకు తెలీదా? కాదు.”

అదే బిళ్లను తిప్పి కొనతో మీటాడు. శబ్దానికి అంచు వచ్చింది. ముదురు బెండకాయకూ లేతదానికీ ఉండే తేడా, కొన తుంచి చూస్తే తెలిసేటటువంటిది. కాదు. తన జేబులోంచి గరుకుగా ఉండే నైలాను బిళ్ల తీశాడు. మెత్తగా, ఒత్తు లేకుండా వచ్చింది. కాదు. ఇనపరేకు బిళ్ల ఒకటి ఉంది అతని దగ్గర. దాంతో మీటితే ఇత్తడి చెంబు మీద కత్తి గీసినట్టయింది, నా పళ్లు జివ్వుమన్నాయి.

“నీకు దండం పెడతా, దాన్ని లోపల పెట్టు.”

“పెట్టేసినా, పెట్టేసినా,” అని నవ్వాడు. “వదినా, మీకు చీర అమ్మేవాడు పాపం చేసుకోనుండల్ల. బీరువా అంతా దించినాక కాదనే రకం మీరు.”

నాకూ నవ్వొచ్చింది. ఆ ఇంట్లో నవ్వి ఎన్నాళ్లయిందో, నా నవ్వు నాకే ఎవరిదో అనిపించింది. వెంటనే భయమేసింది. నేను కాదు కాదంటున్నాను సరే, అసలైనది వస్తే గుర్తు పడతానా? గుర్తు పట్టకపోతే ఇక ఆయనకు సంబంధించి నా దగ్గర ఏం మిగిలినట్టు?

అతను తల గోక్కున్నాడు. “స్టేజీ ముందర ఏ పక్క కూసుంటా ఉన్నారు వదినా మీరు? స్పీకరు దగ్గరైతే సత్తం మారతాది.”

“నేనేడ కూసున్నానబ్బా. తెల్లారుజామున మార్కెట్లో ఆకుకూర దించుకోవల్ల, మీ కచేరీలు ముగిసేది అర్ధరాత్రికి. పెండ్లైన కొత్తలో ఒక తడవ వచ్చినా, అంతే.”

“మరి ఏడ విన్నారు?”

“ఈడే. నేను వంటింట్లో, ఆయన ఈ చాప మీద.”

అతను ఆంపు వైపు చూశాడు, నా వైపు చూశాడు. “ఇది ట్రూపుది వదినా. అన్న దీన్ని ఎప్పుడూ ఇంటికి తేలేదే!”

నిజమే. ఆ పెట్టెను నేను మా ఇంట్లో చూడటం ఆ రోజే మొదలు. పక్క వాటా ఆయనకు రాత్రి డ్యూటీ, పగలు నిద్ర. అందుకని మా ఆయన గిటారుకు కరెంటే పెట్టేవాడు కాదు. ఇన్నేళ్లూ నేను విన్నది ప్లగ్గు లేని గిటారు. ట్రూపువాళ్లు విన్న మనిషి వేరు, నేను విన్న మనిషి వేరు. ఇద్దరమూ ఒకే పేరు పెట్టి వెతుకుతున్నాం.

అతను వైరు పీకేశాడు. నల్ల బిళ్లతో మీటితే ఏదో దుప్పటి కింద మూలిగినట్టు వచ్చింది. డబ్బా అడుగున పసుపు పచ్చ బిళ్ల ఉంది. కాగితం కన్నా కొంచెం మందం, కొన అరిగి వంకరపోయింది. “ఇంత పల్చంది అన్నకు ఎందుకో!” అంటూ దాంతో మీటాడు.

టిక్. తీగ కన్నా ముందు బిళ్లే పలికింది. టిక్కుటిక్కుమని బిళ్ల కొట్టుకోవడం, దాని వెనకాల సన్నగా, దోమ పాడినంత తీగ.

“ఉండు,” అన్నాను. లేచి వంటింట్లోకి వెళ్లాను. గోడ వైపు తిరిగి నిలబడ్డాను. ఎప్పుడూ అట్లాగే కదా విన్నది. “ఊ, వాయించు.”

అతను ఏదో పాట ఎత్తుకున్నాడు.

“పాట కాదబ్బా! ఇంట్లో ఆయన పాట ఎప్పుడు వాయించినాడు? సరిగమల మాదిరి కింద నుంచి పైకి పోతాడు, పై నుంచి దిగతాడు. దిగేటప్పుడు తప్పు పోతాడు. నిలిపి, తప్పు పోయిన కాడ నుంచే మళ్లా.”

“ఎన్నో మెట్టు కాడ వదినా?”

“వాయించు, చెప్తా.”

ఎక్కాడు, దిగాడు. “ఈడ. ఈడ నిలుపు.” నిలిపాడు. మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ అక్కడే నిలిపాడు.

వచ్చింది. నేను పప్పు ఎనుపుతుండగా, చారుకు తిరగమోత వేస్తుండగా వీపు మీద పడుతూ ఉండే శబ్దం. ఏడుపు వస్తుందనుకున్నాను, రాలేదు. ఇంత చిన్నదా అనిపించింది. కుక్కరు కూస్తే వినబడనంత చిన్న శబ్దం. ఇది ఇల్లంతా నింపిందా ఇన్నేళ్లు?

కాసేపటికి అతని చెయ్యి నొప్పి పుట్టినట్టుంది, ఆగిపోయింది. “సెరిగా వచ్చిందా వదినా?”

“వచ్చింది,” అన్నాను.

వారానికొకసారి వచ్చి ఈ చాప మీద సాధన చేసుకోరాదా అని అడగాలనిపించింది. మాట నోటిదాకా వచ్చింది. అతనికి పెళ్లాం, ముగ్గురు పిల్లలు, పగలంతా కొరియరు పని. అడిగితే సరేనంటాడు. రెండు ఆదివారాలు వస్తాడు. మూడో ఆదివారం నేను కిటికీ దగ్గర నిలబడాల్సి వస్తుంది. అడగలేదు. గిటారు సంచిలో పెట్టి జిప్పు లాగాడు. నల్ల బిళ్ల తీసుకున్నాడు. పసుపుది తీసుకోమన్నా తీసుకోలేదు, స్టేజీకి పనికిరాదన్నాడు.

ఆడి నెలలో గుళ్లో అంబలి పోసే ఆదివారం వాళ్ల కచేరీ. ఈసారి వెళ్లాను. వీధికి అడ్డంగా స్టేజీ కట్టారు. అతను ఆయన గిటారు పట్టుకుని నిలబడ్డాడు. గుండ్రం పక్కతోనే మీటాడు. తేనె మాదిరి అని అతనన్నది అబద్ధం కాదు. పెద్ద పెద్ద స్పీకర్లలోంచి వచ్చి జనం మీద పరుచుకుంది. నా పక్కన చంకలో బిడ్డతో ఒకామె తన చెల్లెలితో అంటోంది: “ముందు ఒకాయన ఉన్నాడే, రొంబ బాగా వాయిస్తాడు, చచ్చిపోయినాడంట. ఈయన అచ్చం ఆయన మాదిరే!”

ఆయన నా మొగుడు అని చెప్పబోయి ఆగాను. వీధి వీధంతా ఆయన్ని గుర్తు పట్టింది. నేను ఆ హోరులో పల్చటి బిళ్ల కొట్టుకునే చప్పుడు కోసం చెవులు రిక్కించి వెతుకుతున్నాను. అది లేదు. ఉండదు కూడా. తప్పు పోవడం, ఆగడం అన్నీ ఇంట్లోనే ముగించుకుని వెళ్లేవాడు కదా.

పాట అయిపోయింది. ఆమె బిడ్డ చేతులు పట్టుకుని చప్పట్లు కొట్టించింది. అందరితోపాటు నేనూ కొట్టాను, పరాయి మనిషికి కొట్టినట్టు.