మా గల్లీ పెట్టిన క్యాంపు

వానాకాలం వస్తోందంటే అందరూ గొడుగులు వెతుక్కుంటారు. మేం ఇటుకలు వెతుక్కునేవాళ్లం. ఖిలా వరంగల్‌లో మా గల్లీ మోరీ పూడిపోయి ఏళ్లయింది. గట్టి వాన పడితే ఆ మురికినీళ్లన్నీ పల్లంలో ఉన్న మా ఇంట్లోకే వచ్చేవి. అందుకని అత్తమ్మ మంచం కోళ్ల కింద ఇటుకలు పేర్చేదాన్ని. ఆమె మనిషి పొట్టి. ఎక్కాలంటే పీట కావాలి, దిగాలంటే నేను రావాలి. ఒకసారి నన్ను పిలవకుండా దిగబోయి పీట జారి పడింది. అప్పటి నుంచి తుంటి నొప్పి. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. ఆ రోజు నుంచి కార్పొరేషన్ అన్న మాట వింటే ఒళ్లు మండేది.

అలాంటి సమయంలో మున్సిపల్ ఎన్నికలు వచ్చాయి. మా డివిజన్ మహిళలకు రిజర్వయింది. రెండు పెద్ద పార్టీలూ భార్యల పేర్లతో భర్తలను నిలబెట్టాయి. పోస్టర్లలో భర్తల మీసాలు బారెడు, భార్యల మొహాలు పోస్టు బిళ్లంత. వీళ్లతో పని కాదనుకుని నేను ఖాలా దగ్గరికి పోయాను. ఖాలా అంటే మా గల్లీ ఆడవాళ్లందరికీ జాకెట్లు కుట్టే ఆమె. ఎవరింటి పిల్లలైనా ఆమెను ఖాలా, అంటే పిన్ని, అనే పిలుస్తారు.

"నాకేం ఎర్కనే బిడ్డా గవన్ని?" అంది.

"మోరీ ఎర్క లేదా?"

"నాకు లేకున్నా నా ముక్కుకు ఎర్కే గదా!" అని నవ్వింది. అలా ఇండిపెండెంటుగా నిలబడింది. కొలతల కోసం ఇంటింటికీ తిరిగిన మనిషికి ప్రచారం కొత్తేం కాదు. గెలిచింది కూడా.

అసలు తమాషా ఆ తరువాత మొదలైంది. రెండు పార్టీలకూ సీట్లు సరిసమానంగా వచ్చాయి. మేయర్ కుర్చీ ఎవరిదో తేల్చే చెయ్యి మా ఖాలాదే. మేయర్ ఎన్నిక అయ్యేదాకా గెలిచినవాళ్లను ఏదో రిసార్టులో దాచడం మా దగ్గర ఆనవాయితీ. దాన్నే క్యాంపు అంటారు. ఫోన్లు గుంజుకుంటారు, బిర్యానీ పెడతారు, ఎన్నిక రోజు నేరుగా తీసుకొచ్చి చెయ్యెత్తిస్తారు. ఖాలా ఇంటి ముందు పొద్దున ఒక పార్టీ కారు, సాయంత్రం ఇంకో పార్టీ కారు. ఆమె మిషన్ చప్పుడే ఆగిపోయింది. వాళ్ల క్యాంపులో మనమెందుకు ఉండాలి, మన క్యాంపు మనమే పెట్టుకుందాం అన్నాను. నెక్కొండలో మా తమ్ముడు మిర్చి పండిస్తాడు. మూడో కంటికి తెలియకుండా పొద్దున ప్యాసింజర్ రైల్లో అక్కడికి పోవాలని నిర్ణయించాం.

ఈ రహస్యాన్ని గల్లీలో అందరికీ నేనే చెప్పాను, ఎవరికీ చెప్పొద్దని మరీ మరీ చెప్పాను. అయితే మా గల్లీలో మనిషి ఊరికి పోతుంటే సాగనంపకపోవడం పెద్ద తప్పు. తెల్లారేసరికి ఇంటికొకరు వీధిలోకి వచ్చారు. ఒకామె ఖాలా జబ్బకు ఇమామ్ జామిన్ కట్టింది. ప్రయాణం క్షేమంగా సాగాలని రూపాయి బిళ్లను బట్టలో చుట్టి కడతారు. ఇంకొకామె సకినాలు మూటగట్టి తెచ్చింది. ఎవరో కొబ్బరికాయ కొట్టారు. ఎవరు పిలిచారో గానీ మర్ఫా డప్పులు వాయించేవాళ్లు కూడా వచ్చారు. నేను కసిరితే ఆపారు, నాలుగడుగులు వేశాక మళ్లీ అందుకున్నారు.

మా మామ పోయినప్పటి నుంచి అత్తమ్మ ఎవరి ప్రయాణానికీ ఎదురు రాదు. గడప లోపలే నిలబడింది. ఖాలా అది చూసి ఆగిపోయింది. "నువ్వు ఎదురొస్తెనే నేను కదుల్త అక్కా" అంది. అత్తమ్మ నడుము పట్టుకుని మెల్లగా ఎదురొచ్చింది.

నెక్కొండలో రైలు దిగి బయటికి వస్తే రెండు పార్టీల కార్లూ పక్కపక్కనే ఉన్నాయి. మర్ఫా విన్నాక ఎవరికి తెలియకుండా ఉంటుంది? ఖాలా నా వైపు తిరిగి, "ఇది క్యాంపా, దర్గా ఉర్సా?" అంది.

అందరం మా తమ్ముడి కల్లంలోనే కూర్చున్నాం. చుట్టూ ఎండుతున్న మిర్చి. ఇస్త్రీ చొక్కాల నాయకులు ఆ ఘాటుకు తుమ్ములే తుమ్ములు.

"మేయర్ మాదైతే ఫస్టు మీ మోరీనే అక్కా" అన్నాడు ఒకాయన తుమ్ముకూ తుమ్ముకూ మధ్య. రెండో ఆయన కూడా అదే మాట, అదే తుమ్ము.

ఖాలా సకినం కొరుకుతూ విన్నది. "జాకెట్ కుట్టినంకనే నేను పైసలు అడుగుత. కుట్టకముందు అడిగితే మీ ఇంట్ల ఆడోళ్లు ఊకుంటరా? మీరు గూడ మోరీ తీసి సూపెట్టుండ్రి. నా చెయ్యి యాడికి పోదు, ఫికర్ చెయ్యకుండ్రి."

ఎప్పుడూ టెండరు, ఎస్టిమేటు అని తిప్పిన పెద్దమనుషులకు ఆ వారం ఆ మాటలే గుర్తుకు రాలేదు. గల్లీకి ఆ కొస నుంచి ఒక పార్టీ జేసీబీ, ఈ కొస నుంచి ఇంకో పార్టీ జేసీబీ తవ్వుకుంటూ వచ్చి మా ఇంటి ముందు కలుసుకున్నాయి. ఖాలా ఎవరికి చెయ్యెత్తిందంటారా? ఒకరు తీసిన బురదను గట్టు మీదే వదిలేసి పోయారు. ఇంకొకరు ట్రాక్టర్లలో ఎత్తించుకుని పోయారు. కుట్టుపని మనిషి, కత్తిరించిన ముక్కలు ఊడ్చేదాకా పని అయిందనదు. ఆ ఎత్తిపోసినవాళ్లకే ఎత్తింది.

మొదటి పెద్ద వాన ఒక పొద్దున పడింది. నేను అలవాటు కొద్దీ మంచం కింద ఇటుకలు సరిచూసి, చీపురు పట్టుకుని గుమ్మంలో కాపలా నిలబడ్డాను. నీళ్లు గలగలమంటూ మోరీలోంచి పోయాయి. మా గడప తడవలేదు. ఖాలా తడుస్తూ వచ్చి, మోరీలోకి వంగి చూసి, మా ఇంట్లోకి వచ్చింది.

"ఇగ ఆ ఇటుకలు గుంజుండ్రే" అంది అత్తమ్మ. నేనూ ఖాలా మంచం ఎత్తి ఒక్కొక్కటే లాగేశాం. అత్తమ్మ పీట లేకుండా కూర్చుంది. అరికాళ్లు నేలకు ఆనించి, పొడిగా ఉందో లేదో అటూ ఇటూ రాసి చూసుకుంది.

"చెల్లె తడిసొచ్చింది, చాయ్ నేను పెడ్త" అంది. నన్ను పిలవకుండానే లేచి వంటింట్లోకి నడిచింది.