జాబితాలో లేని ఆట

నవ్వాలనిపిస్తే మొహమాటపడకండి. ఇల్లందులో గడప దాకా వచ్చిన గని ఉద్యోగాన్ని చేతులారా బావకు ధారపోసిన మహానుభావుణ్ణి నేనే. ఎందుకంటారా? నేను అమెరికన్ ఫుట్‌బాల్‌లో వైడ్ రిసీవర్‌ని మరి!

హైదరాబాద్‌లో డిగ్రీ చదువుతూ ఒక క్లబ్బులో చేరాను. కోడిగుడ్డులాంటి బంతిని వెనక నుంచి ఒకడు విసురుతాడు. నేను ముందుకు పరుగెత్తి పట్టుకోవాలి. పట్టుకోగానే నలుగురు మీద పడతారు. రెండేళ్లు తన్నులు తింటే ఒక సర్టిఫికెట్ చేతికొచ్చింది. ఇక నన్ను పట్టేవాడే లేడు.

సరిగ్గా అప్పుడే బాపు ఊపిరితిత్తులు మొరాయించాయి. గనిలో దిగడానికి పనికిరాడని తేల్చారు. అలా తేలిస్తే ఆ ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఇస్తారు. కొడుక్కో, అల్లుడికో, ఒక్కసారే.

"నీ పేరే రాస్తున్నరా," అన్నాడు బాపు.

"నాకెందుకు బాపూ బొగ్గు? స్పోర్ట్స్ కోటాల సర్కారు నౌకరే వస్తది. బావ పేరు రాయి."

"గా ఆటకు నౌకరి ఇస్తరని ఎవరన్న చెప్పిండ్రా?"

"అమెరికాల కోట్లు ఇస్తరు బాపూ!"

"మనది ఇల్లందురా."

వింటానా? ఒప్పుకోలు కాగితం మీద సంతకం గీకేశాను. అక్క ఏడ్చింది. బావ నా చేతులు పట్టుకుని, "దేవునివిరా," అన్నాడు. నేనూ నిజమేననుకున్నాను.

నెల తిరక్కుండా కోటా ఆఫీసులో గుమాస్తా ముందు నిలబడ్డాను.

"ఫుట్‌బాల్ అంటే తంతరు గదా?"

"మేం చేతులతోని పట్టుకుంటం సార్."

"మరి తన్నరా?"

"తన్నేటోడు వేరే ఉంటడు సార్."

ఆయన జాబితా రెండుసార్లు తిరగేశాడు. కబడ్డీ ఉంది, ఖోఖో ఉంది.

"ఇందుల లేదు తమ్మీ. బయట గోడకు అంటిచ్చినం, చూడలే?"

చూడలేదు. గోడలు చూసే మనిషినా నేను!

ఇప్పుడు అదే గనిలో కాంట్రాక్టు కూలీని. బాపు పోయేదాకా నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

ఏటా గని ఆటల పోటీలు పెడతారు. పర్మనెంటు వాళ్లకే ప్రవేశం, జీతంతో సెలవు కూడా. కూలీలం గ్రౌండులో సున్నం గీతలు గీయాలి. పోయినేడు నేను వంగి గీస్తుంటే, బొజ్జ మీద బనియను సర్దుకుంటూ బావ వచ్చాడు.

"జర జల్దీ గియ్యి బామ్మర్దీ, నేను ఉరకాలె!"

కనుక ఈ సున్నం చేతులతోనే ప్రమాణం చేస్తున్నాను: బాపు తన ఉద్యోగం మళ్లీ ఇస్తానంటే ఈసారి చచ్చినా కాదనను. ఇవ్వడానికి బాపే లేడు.