కొక్కెం, ఆమె పళ్ళ తొడుగులు

ఆ మధ్యాహ్నం మా యజమాని, మాతోపాటు కుట్టే కొక్కెం తన మిషను పక్కన పెట్టుకున్న గ్లాసెడు నీళ్ళు తాగారు. నీళ్ళు మంచివే. సగం అయ్యాక ఆయన పై పెదవికి ఇంకో పళ్ళ వరస తగిలింది. గ్లాసును కిటికీ వెలుతురుకు ఎత్తి చూసి, కింద పెట్టి, జేబురుమాలుతో మూతి తుడుచుకుని, "ఇవి ఎవరివి?" అని అడిగారు. నోట్లో ముద్ద ఉండటంతో కొక్కెం బడిపిల్లలా చెయ్యెత్తింది.

మాది కర్టెన్లు కుట్టే షాపు. కొక్కెం అంటే కర్టెన్ తగిలించే వంకర ఇనప ముక్క. ఆమె ముందు పన్ను ఒకటి అచ్చం అలాగే, పక్కదాని మీదికెక్కి బయటికి వంగి ఉంటుంది. ఆ పేరు ఎవరు పెట్టారని అడిగితే అందరం తలొంచుకుని కుట్టుకుంటాం. పిలిస్తే పలికేది. నవ్వితే మాత్రం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. నలభై దాటినా ఆ చెయ్యి దిగలేదు.

ఆ పన్ను దగ్గర చిగురుకు చీము పట్టాక డాక్టరు దగ్గరికి వెళ్ళక తప్పలేదు. వదిలేస్తే రెండు పళ్ళూ ఊడతాయన్నాడాయన. తీగలు కట్టించుకోవచ్చు, లేదంటే అలైనర్లని పళ్ళకు తొడిగే ప్లాస్టిక్ తొడుగులున్నాయన్నాడు. కొక్కెం తిరిగొచ్చి నా మిషను పక్కన స్టూలేసుకుంది.

"మంచేంటంటే వదినా, ఎవరికీ కనబడవు. తినేటప్పుడు తీసేయొచ్చు. తోముకోడం సులువు."

"మరి చెడు?"

"తిండికీ, తోముకోడానికీ తప్ప తీయకూడదట. నిద్రలో కూడా. జత మార్చినప్పుడల్లా దవడ లాగేస్తుందట. కొన్నాళ్ళు మాట మొద్దుగా వస్తుందట. దారం పళ్ళతో కొరక్కూడదు."

"మన షాపులో కత్తెరనేది ఒకటుందిలే."

"నువ్వెప్పుడైనా దాన్ని దాని చోట్లో పెడితే కదా."

ఇంత లెక్క వేసి, మేమిద్దరం వాళ్ళమ్మను మర్చిపోయాం.

వాళ్ళమ్మ మిల్లులో మగ్గాల దగ్గర పనిచేసింది. ఆ మోతలో పక్కమనిషి మాట వినబడదు కాబట్టి అక్కడి ఆడవాళ్ళు పెదాలు చూసి కబుర్లు చెప్పుకునేవారు. చెవులు పూర్తిగా పోయాక ఆవిడకు ఆ విద్యే మిగిలింది. చదువు రాదు. కూతురు చిన్నప్పటినుంచీ అమ్మతో నోరు బాగా తెరిచి, ఒక్కో మాటా పళ్ళ మీద పరిచి చూపించినట్టు మాట్లాడేది. పక్షవాతంతో మంచం పట్టాక, పగలు కనిపెట్టుకునే పక్కింటావిడ మాటలు కూడా ఆవిడకు అందేవి కావు. లోకంలోని మాటలన్నీ కూతురి ఒక్క నోట్లోంచే వెళ్ళాలి.

తొడుగులు పెట్టుకున్న సాయంత్రం కొక్కెం ఇంటికెళ్ళి, "ఎలా ఉందమ్మా?" అని అడిగింది. పెదాలు ఉబ్బి ఉన్నాయి. అమ్మ ఆ నోటి వంక చూసింది. మొహం చూసింది. తర్వాత గుమ్మం వైపు చూసింది.

"మా అమ్మాయి ఇంకా రాలేదా?" అంది.

మర్నాడు షాపులో ఈ సంగతి నవ్వుతూనే చెప్పింది. చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. అందుకని అది నవ్వు కాదని తెలిసింది.

"అలవాటవుతుందిలే," అన్నాను.

"అలవాటయ్యేంత టైము అమ్మకు లేదు వదినా. గుండె కూడా నీరసించిందన్నారు."

"అయితే ఇంట్లో తీసెయ్యి."

"తీస్తే పన్ను జరగదు. జరిగితే నోరు మారుతుంది. నేనెటు పోవాలి?"

చివరికి షాపులో పెట్టుకుని, ఇంటి గుమ్మంలో తీసి డబ్బాలో వేసుకోవడం మొదలుపెట్టింది. యజమాని నీళ్ళు తాగింది ఆ రోజుల్లోనే. తొడుగులు తీసి లోపలికి అడుగుపెడితే, "వచ్చావా," అనేదట వాళ్ళమ్మ. అలా కొన్ని వారాలు గడిచాయి. ఒకరోజు ఆవిడ, కదిలే ఆ ఒక్క చేత్తో కూతురి గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది. వేలితో ఆ పన్ను తడిమింది.

"నీ మాటలు నలిగిపోతున్నాయే," అంది.

పన్ను నిజంగానే కాస్త లోపలికి జరిగింది. నాకు కనబడలేదు. యజమానికి కనబడలేదు. ఆ మర్నాటినుంచి డబ్బా మిషను సొరుగులో, దారపు ఉండల మధ్య ఉండిపోయింది. చిగురు మళ్ళీ వాచింది. చెంప మీద చెయ్యి పెట్టుకుని కుడుతుంటే చూడలేక నేనే డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాను.

డాక్టరు కొత్త జత ఎక్కించబోయాడు. ఎక్కలేదు.

"పెట్టుకోవట్లేదు కదమ్మా? పన్ను మళ్ళీ పాత చోటికే వచ్చేసింది. చీము మొదలైంది. ఇలాగైతే ఈ రెండూ దక్కవు. మరి ఇన్ని తొడుగులు చేయించి ఏం లాభం, చెప్పండి," అన్నాడు విసుగ్గా.

కొక్కెం నోరు పుక్కిలించి ఉమ్మింది. నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. మూతి తుడుచుకుని, చెయ్యి దించింది.

"మా అమ్మ వింటున్నన్నాళ్ళూ ఈ పళ్ళని ఇలా వంకరగానే ఉండనివ్వండి డాక్టరు గారూ."