పద్నాలుగో జత

సాక్సుల ఫ్యాక్టరీలో ఆమె పని చూసేవాళ్లకు చాలా తేలిగ్గా కనిపించేది. అల్లిక యంత్రాల్లోంచి గొట్టాల్లా జారిపడ్డ సాక్సులు వేళ్ల దగ్గర కుట్టు వేయించుకుని, పాదం ఆకారపు రేకులకెక్కి, ఆవిరి పట్టించుకుని, వేడివేడిగా ఆమె బల్ల మీదికి వచ్చేవి. ఒక్కొక్కదానిలో చెయ్యి దూర్చి, వేళ్లు విప్పార్చి, కిటికీ వెలుగుకు తిప్పి చూసేది. అల్లిక జారిన చోటు కంటికన్నా ముందు వేలికే తగిలేది. ఇరవై తొమ్మిదేళ్లుగా అదే బల్ల, అదే కిటికీ. ఫ్యాక్టరీలో అందరికీ ఆమె అక్క. మేనేజరుకి కూడా అక్కే. "అక్క చెయ్యి దాటి ఒక్క చిల్లు బయటికి పోదు" అని ఆయన వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. ఆ మాట వినీ వినీ తన చెవులకే చిల్లులు పడ్డాయని ఆమె నవ్వేది.

నడిచేటప్పుడు ఎడమకాలు రవ్వంత ఆలస్యంగా వేసేది. ఎవరైనా అడిగితే "చిన్నప్పుడు పడ్డాలే" అని మాట తప్పించేది. ఒకప్పుడు ఆమె ఎనిమిది వందల మీటర్ల పరుగు పరిగెత్తేదని, ఆ దూరంలో ఆమెను దాటిపోయిన ఆడపిల్ల లేదని అక్కడ ఒక్కరికీ తెలియదు.

ఒక వానాకాలం, పరిశోధనశాల నుంచి ఒక ఇంజినీరమ్మాయి నల్లటి దారం కండె పట్టుకుని ఫ్యాక్టరీకి వచ్చింది. దారం వెంట్రుకకన్నా సన్నం. యంత్రానికి ఎక్కిస్తే చాలు, పుటుక్కున తెగిపోయేది. పదకొండోసారి తెగేసరికి మెకానిక్కు చేతులెత్తేశాడు. అమ్మాయి మొహం చిన్నబోయింది. అక్క తన బల్ల దగ్గర్నుంచి లేచి వచ్చి, ఆ దారాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూసింది.

"దీనికి సాగే గుణం లేదమ్మా. ఒంటరిగా పంపితే బతకదు. మెత్తటి నూలుతో జంట కట్టి, మెషీను వేగం సగానికి తగ్గించండి."

మూడో ప్రయత్నానికి సాక్సు నిండుగా దిగింది. ఇంజినీరమ్మాయి దాన్ని పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతుల్లోకి తీసుకుంది.

"ఇంతకీ ఏం చేస్తుందిది?" అని అడిగింది ఆమె.

"పరిగెత్తేవాళ్ల కోసం అక్కా. అడుగు పడ్డప్పుడల్లా ఎంత దెబ్బ తగిలింది, పాదంలో ఏ వైపు ముందు ఆనింది, కుడికీ ఎడమకీ తేడా ఎంత, అన్నీ గుర్తుపెట్టుకుంటుంది. కొన్ని వారాలకి ఆ మనిషి పరుగు దానికి బాగా తెలిసిపోతుంది. ఎముక అలిసిపోతుంటే, అది చీలకముందే ఫోన్లో చెప్తుంది, ఇక ఆగమని. ఇంకా పూర్తిగా తయారవలేదనుకోండి. సగం పని, సగం ఆశ."

"ఎముక కూడా అలుస్తుందా?"

"అలుస్తుందక్కా. రోజూ కాస్త కాస్తగా."

ఆ సంగతి ఆమెకు తెలియక కాదు. ఎవరి నోటైనా వినాలనిపించింది, అంతే.

ఆ రోజు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నంతసేపూ పాత మైదానమే కళ్లముందు తిరిగింది. ఎర్రమట్టి మీద సున్నంతో గీసిన గీతలు. పరుగు ముగిసేసరికి మోకాళ్లదాకా తెల్లటి పొడి. ప్రహరీ పక్కన ఒకే ఒక్క కొళాయి, దానికోసం పదిహేనుమంది తోపులాట. కిందటేడు ఎవరో వదిలేసిన మేకుల పరుగుబూట్లలో గుడ్డముక్కలు కుక్కుకుని తొడుక్కోవడం. డ్రిల్లు మాస్టారు చేతిలో పచ్చ అట్ట నోటుబుక్కు పట్టుకుని మలుపు దగ్గర నిలబడేవారు. చిన్నచిన్న అడుగులు టకటకా వేస్తుందని ఆమెకు పిచ్చుక అని పేరు పెట్టింది ఆయనే. "పిచ్చుకా, భుజాలు దించు!" అని ఆయన అరిస్తే మైదానం అవతలున్న పాల దుకాణంవాడు కూడా భుజాలు దించేవాడని అందరూ ఆటపట్టించేవాళ్లు.

అప్పుడామెకు పందొమ్మిది. ఎంపిక పోటీలకు రెండున్నర నెలలుండగా, మాస్టారు చెప్పినంత చాలదని ఆమెకు తోచింది. తెల్లవారకముందే లేచి, ఇంట్లో ఎవరికీ తెలియకుండా, తారురోడ్డు మీద నీళ్ల ట్యాంకు దాకా వెళ్లి వచ్చేది. తర్వాత ఏమీ ఎరగనట్టు మైదానానికి వెళ్లి మళ్లీ పరిగెత్తేది. మూడో వారం నుంచి ఎడమ మోకాలి కింద ముందెముక సలపడం మొదలైంది. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఎక్కడ ఆపేస్తారో!

ఎంపిక రోజున రెండో చుట్టు మలుపులో ఆ ఎముక విరిగింది. మాస్టారే చేతుల మీద ఎత్తుకుని ఆసుపత్రికి పరిగెత్తారు. డాక్టరు ఎక్స్‌రే ఫోటో చూసి, "పిల్లనెంత అరగదీశారండీ, ఇది ఒక్కరోజులో అయింది కాదు" అన్నాడు. మాస్టారు తల దించుకున్నారు. మంచం మీదున్న ఆమె నోరు మెదపలేదు.

మరుసటేడు ఆయన పరుగు నేర్పడం మానేసి గ్రంథాలయంలో గుమాస్తాగా చేరారు. "ఒక పిల్ల కాలు నా చేతుల్లో పోయింది" అన్నారట. ఆ మాట ఆమె చెవిన పడింది. మొదట భయంతో చెప్పలేకపోయింది, తర్వాత సిగ్గుతో. ఆ తర్వాత ఇంతకాలం గడిచాక ఎందుకులే అనుకుంది. అలా ముప్పై ఆరేళ్లు గడిచిపోయాయి.

ఇంజినీరమ్మాయి పరీక్షకని ఇరవై జతలు తయారు చేయించింది. ఒక్కోదానికి ఒక నంబరు; పరుగు లెక్కలు ఆ నంబరు మీదే చేరతాయి. వేసుకున్నవాళ్ల పేర్లు పరిశోధనశాలకు తెలియకూడదని, పంచే పని అక్కకే అప్పజెప్పింది. ఆమె అన్న కూతురు మైదానంలో పదిహేను వందల మీటర్లు పరిగెడుతుంది. ఆ పిల్లా, ఆ పిల్ల జట్టూ తలా ఒక జత తీసుకున్నారు.

పన్నెండో రోజున ఇంజినీరమ్మాయి ఫోన్ చేసింది.

"అక్కా, పద్నాలుగో జత ఎవరిదో నాకు తెలీదు, తెలియాల్సిన పనీ లేదు. కానీ ఆ మనిషి రోజూ పొద్దున్నే ఐదింటికి నలభై నిమిషాలు గట్టి రోడ్డు మీద పరిగెడుతున్నారు. మళ్లీ ఏడింటికి మామూలు ప్రాక్టీసు. ఎడమకాలి మీద ఆనడం రోజురోజుకీ తగ్గిపోతోంది. వాళ్లతో ఒక్కసారి మాట్లాడండి."

పద్నాలుగో జత తన మేనకోడలిది.

ఆ సాయంత్రం అన్నయ్య ఇంటికి వెళ్లేసరికి పిల్ల మెట్ల మీద కూర్చుని బూట్ల లేసులు విప్పుతోంది.

"ఐదింటికి ఎక్కడికే వెళ్తున్నావ్?"

పిల్ల ఉలిక్కిపడింది. "ఎవరు చెప్పారత్తా?"

"నీ కాళ్లకున్నవే చెప్పాయి."

"ఛీ! ఇవి సాక్సులా, గూఢచారులా?" అని పిల్ల వాటిని లాగి గోడకేసి కొట్టింది. "ఇంకొక్క నెల అత్తా, పోటీ అయ్యేదాకా. నాన్నకి చెప్పకు. కాలు అంత నొప్పేం లేదు, నిజంగా."

ఆ 'అంత' అన్న మాట ఆమెకు కొత్త కాదు. అచ్చం ఆ మాటే అప్పట్లో అద్దంలో చూసుకుంటూ తనకు తాను చెప్పుకునేది. ఆమె పక్కన కూర్చుని, ఇంతవరకు ఎవరికీ చెప్పని సంగతంతా పిల్లకు చెప్పింది. పిల్ల నోరు తెరుచుకుని విన్నది. చివరికి ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"మరి మాస్టారికి తెలుసా?"

ఆమె గోడ దగ్గర పడ్డ సాక్సులు తీసి, దులిపి పిల్ల చేతికిచ్చింది.

ఆదివారం పొద్దున ఆమె మాస్టారి ఇంటికి వెళ్లింది. మేడ మీద రెండు గదులు. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి, బల్ల మీద దుప్పటి పరిచి తన చొక్కా తనే ఇస్త్రీ చేసుకుంటున్నారు. ఆమెను చూడగానే మొహం విప్పారింది. "రా పిచ్చుకా! కాలెలా ఉంది?" ఎప్పుడు కనబడ్డా ఆయన ముందు అడిగేది అదే. అందుకే ఆమె కనబడకుండా తిరిగేది.

నిలబడే మొత్తం చెప్పేసింది. కూర్చుంటే చెప్పలేనేమోనని భయం.

ఆయన ఇస్త్రీపెట్టె పక్కన పెట్టారు.

"ఎన్నాళ్లు?"

"డెబ్బై రోజుల పైనే మాస్టారూ."

"రోజుకెంత?"

"ఎనిమిది కిలోమీటర్లు."

"ఎనిమిదా! తారురోడ్డు మీదా!" ఆయన గొంతు మైదానంలో మోగినట్టు మోగింది. "బుద్ధుందా నీకు? నేను రాసిచ్చినదానికి అది రెట్టింపు!" అని, ఉన్నట్టుండి ఆగిపోయారు. కుర్చీ వెతుక్కుని కూలబడ్డారు. "ముప్పై ఆరేళ్లు. ఎక్కడ తప్పు చేశానా అని ఆ నోటుబుక్కు తిరగేస్తూనే ఉన్నాను పిల్లా. ఒక్క ఉత్తరంముక్క రాయలేకపోయావా?"

"క్షమించండి మాస్టారూ."

"ఇవాళ్టికి వెళ్లు" అన్నారు ఆయన, ఆమె వైపు చూడకుండా.

ఆమె మెట్లు దిగి వచ్చేసింది. తనకు దక్కాల్సిందే దక్కిందనుకుంది. ఆ వారమంతా బల్ల దగ్గర చేతులు పని చేస్తున్నాయే గాని మనసు అక్కడ లేదు. జీవితంలో మొదటిసారి ఒక చిల్లు సాక్సు ఆమె చెయ్యి దాటి డబ్బాలోకి వెళ్లిపోయింది.

శుక్రవారం షిఫ్టు వదిలేవేళకి ఫ్యాక్టరీ గేటు దగ్గర మాస్టారు నిలబడి ఉన్నారు. ఇస్త్రీ చొక్కా, చేతిలో గొడుగు.

"కోపం ఇంకా తగ్గలేదు" అన్నారు ముందుగానే. "కానీ నువ్వు నిజం చెప్పావు గనక నేనూ చెప్పాలి. నువ్వు కుంటడం నేను చూశాను. ఎంపికకు పదిరోజుల ముందు. అడిగితే ఆపాల్సి వస్తుందని అడగలేదు. నా దగ్గర నేర్చుకున్న పిల్ల గెలవాలని నాకూ ఉండేదిగా. తప్పంతా నీమీదే వేసుకోకు."

ఇద్దరూ బస్టాపు దాకా నడిచారు. ఆయన అడుగు వేగం తగ్గించింది తన కాలి కోసమో, ఆయన మోకాళ్ల కోసమో ఆమెకు తెలియలేదు.

"తప్పే మాస్టారూ, కాదనను" అంది ఆమె. "కానీ ఆ పొద్దులు ఎంత బావుండేవో! రోడ్డంతా నాదే. నా ఊపిరి నాకే వినబడేది. మళ్లీ అంత హాయి ఎప్పుడూ ఎరగను."

"ఎందుకుండదు" అన్నారాయన మెల్లగా. "నేనూ పరిగెత్తినవాణ్ణే."

ఆ తర్వాత ఆయనే పట్టుబట్టి ఇంజినీరమ్మాయిని కలిశారు. తెర మీది గీతలన్నీ ఓపిగ్గా చూసి, "బాగుందమ్మా. కానీ ఆగమని చెప్పడానికి ముందు నొప్పిగా ఉందా అని అడగమను. ఉందని చెప్పినవాళ్ల చోటు జట్టులో పోదని వాళ్ల కోచ్‌లకి మీరు చెప్పండి. లేకపోతే వీటిని ఇంట్లో విప్పేసి పరిగెడతారు. ఈ పరిగెత్తే జాతిని నేనెరుగుదును" అన్నారు. ఇంజినీరమ్మాయి నవ్వుతూనే ఆ మాట రాసుకుంది. తర్వాత వచ్చిన జతలు వేసుకుంటే, ఫోను మొదట ఆ ప్రశ్నే అడిగేది.

మేనకోడలు మూడున్నర వారాలు విశ్రాంతి తీసుకుంది. ఆ రోజుల్లో ఇంట్లో అందరికీ తల ప్రాణం తోకకొచ్చింది. నెల తర్వాతి పోటీలో నాలుగో స్థానంలో వచ్చి, బూట్లు విసిరికొట్టి ఏడ్చింది. పోటీ చూడ్డానికొచ్చిన మాస్టారు పక్కన కూర్చుని, ఆఖరి మలుపులో చేతులు ఎలా ఊపిందో చూపిస్తూ గంటసేపు తిట్టారు. మరుసటి ఆదివారం నుంచి ఆయన మళ్లీ మైదానానికి రావడం మొదలుపెట్టారు.