యముడుగారి కారులో మా అత్త

ఆ రోజుల్లో మద్రాసులో కారున్నవాళ్ళు తక్కువ, కారు గురించి అంతా తెలిసినట్టు మాట్లాడేవాళ్ళు ఎక్కువ. ఆ రెండో గుంపులో నేనే మొదటివాణ్ణి. ఇరవై రెండేళ్ళ వయసు. చింతాద్రిపేటలో కూవం ఏటి ఒడ్డున మా మేనమామ రేకుల షెడ్డులో పని. ఒంటిమీద ఎప్పుడూ గ్రీజు మరకల నిక్కరు (మరకలు చాలకపోతే నేనే పూసుకునేవాణ్ణి, లేకపోతే మెకానిక్కంటే ఎవరు నమ్ముతారు?). నిజం చెప్పాలంటే నాలుగేళ్ళయినా మామ నన్ను పంచర్లు దాటి పైకి రానివ్వలేదు. ఆయన స్పానర్ల పెట్టెకి ఇత్తడి తాళం ఉండేది. తాళంచెవి ఆయన మొలతాడుకి వేలాడుతుండేది. అది ఎవడి చేతికొస్తే వాడు మెకానిక్కు, మిగతావాళ్ళంతా నట్లు అందించేవాళ్ళు. అందరూ పెళ్ళికూతుళ్ళ గురించి కలలు కనే వయసులో నేను ఆ తాళంచెవి గురించి కలలు కన్నాను. సిగ్గులేకుండా చెప్తున్నాను, కన్నాను.

మా షెడ్డుకొచ్చే కార్లలో ఒకటి యుద్ధానికి ముందెప్పుడో ఇంగ్లీషు సీమ నుంచి ఓడలో దిగిన నల్ల కారు. దాని యజమాని గోదావరి వైపు నుంచి వచ్చిన సినిమా నటుడు. పౌరాణికాల్లో ఎప్పుడూ యముడి వేషమే వేసేవాడు కాబట్టి మా వీధంతా ఆయన్ని యముడుగారనే పిలిచేది. మనిషి కూడా వేషానికి తగ్గట్టే ఉండేవాడు. వెనక సీట్లో ఎడమ పక్కన ఆయన కూర్చుంటే కారు ఎడమకి వంగి నడిచేది. ఆ బరువుకి వెనక కమాన్ల (బండి బరువు మోసే ఇనప బద్దల) చివర్లలో ఉండే రబ్బరు బుష్షులు అరిగి, ఇనుము ఇనుము రాసుకుని, చిన్న గుంత వచ్చినా కారు కిర్రుమనేది. స్టూడియో గేటు దగ్గర కావలివాడు ఆ చప్పుడు వినగానే "దున్నపోతు వచ్చేసింది, గేటు తియ్యండహో" అనేవాడట. యముడుగారు మా మామ ముందు నిలబడి "ఏవయ్యా మేస్త్రీ, వేషంలో దున్నపోతెక్కడం జీతానికి. రోడ్డుమీద కూడా ఎక్కాలంటావా?" అని మొత్తుకున్నాడు.

ఇక్కడ మా మామ పద్ధతొకటి చెప్పాలి. కొత్త బుష్షుల్ని సబ్బునీళ్ళతో తడిపి లోపలికి తోశాక, జాకీ మీద ఉండగా బోల్టులు గట్టిగా బిగించకూడదు. కారుని నేలమీదికి దించి, వెనక సీట్లో మనుషుల్ని కూర్చోబెట్టి, కమాన్లు రోజూ ఎంత వంగుతాయో అంత వంగాకే బిగించాలి. "రబ్బరుకీ మెడుంటాదిరా" అనేవాడు. "మెడ తిప్పుకోని పండుకుంటే తెల్లారి పట్టేస్తాది కదా, ఇదీ అంతే. తిప్పి బిగించినావంటే వారానికి చిరిగిపోతాది." అందుకని మా షెడ్డు ముందు నుంచి పోయేవాళ్ళందరికీ ఆయన పిలుపంటే హడలు. ఒకసారి మా అత్తనీ, ఎదురుగా ఇడ్లీలమ్మే అవ్వనీ, పాలు పోసే పాలక్కనీ ముప్పావు గంట కూర్చోబెట్టాడు. దిగాక ముగ్గురూ "మేమేమన్నా ఇసక మూటలమా? ఇంకొకతూరి పిలువు, చెప్తాం" అని తిట్టిపోశారు. పాలక్క అయితే మర్నాడు మాకు పాలలో నీళ్ళు కాదు, నీళ్ళలో పాలు పోసింది.

అలాంటి సమయంలో మామకి తిరపతి మొక్కు తీర్చుకోవలసి వచ్చింది. పోతూ పోతూ పెట్టె తెరిచి, లెక్కగా నాలుగు స్పానర్లు బయటపెట్టి, మళ్ళీ తాళం వేసి మొలకి కట్టుకున్నాడు (నమ్మకమంటే అదీ!). "రేపు నాలుగు గంటలకి యముడుగారు వస్తాడు. కారు కిర్రుమనకుండా ఇచ్చినావంటే ఈ తాళంచెవి నీది. కిర్రుమన్నిందా, చచ్చేదాకా పంచర్లేసుకో" అని బస్సెక్కాడు.

పాత బుష్షులు ఊడగొట్టి కొత్తవి ఎక్కించేసరికి మర్నాడు మధ్యాహ్నం రెండయింది. కారుని షెడ్డు మధ్యలో, కిందికి దిగి పనిచేసే గుంత మీదికి నెట్టి నిలబెట్టాను. ఇక బరువు కావాలి. చైత్రమాసపు ఎండ, పైన రేకులు, కారు లోపల ఇడ్లీ కుండ మాదిరి ఉడికిపోతోంది. అవ్వని పిలిస్తే "పోరా" అంది. పాలక్క తలెత్తి కూడా చూడలేదు. ఇంటికెళ్ళి అడిగితే అత్త చీపురు వెతికింది. గంటన్నరలో యముడుగారు వస్తాడు, తాళంచెవి కళ్ళముందే కూవంలో కొట్టుకుపోతోంది. అప్పుడు నా నాలుక మీదికి ఏ దేవత వచ్చి కూర్చుందో తెలీదు, మంచి దేవతైతే కాదు.

"అత్తా, నీకు తెలవదా? యముడుగారి కొత్త పిక్చర్లో సభలో కూచునేదానికి రాణులు కావాలంట. ఆయన కార్లో అరగంట సేపు కదలకుండా, చెమట తుడుచుకోకుండా ఎవురు కూచుంటే వాళ్ళకే వేషం. ఆడ లైట్ల వేడికి తట్టుకోవాల కదా!"

అత్త చీపురు దించింది. "రాణా? ఏ రాణిరా?"

"పెద్ద రాణి."

అంతే. పురసవాక్కంలో కొన్న పెళ్ళిపట్టు పెట్టెలోంచి బయటికొచ్చింది. వీధి మలుపు తిరిగేలోగా సంగతి అవ్వకీ, పాలక్కకీ తెలిసిపోయింది. పావుగంటలో ముగ్గురూ మొహానికి పౌడరు దట్టించుకుని, జడల్లో కనకాంబరాలు తురుముకుని (అవ్వకి జడ లేదు, ముడిలో గుచ్చుకుంది) వెనక సీట్లో విగ్రహాల్లా కూర్చున్నారు. కారు వెనక భాగం హాయిగా కిందికి దిగింది. నేను గుంతలోకి దిగి, నవ్వు ఆపుకోలేక నోట్లో గుడ్డ కుక్కుకుని బోల్టులు బిగించడం మొదలుపెట్టాను.

మూడు బోల్టులయ్యాయి. నాలుగోది మొండికేసింది. పైనుంచి పాలక్క "ముక్కు మీద ఈగ వాలుంది, తోలొచ్చా?" అని పెదాలు కదపకుండా అడుగుతోంది, అత్త "గమ్మునుండవే, వేషం పోతాది" అని పెదాలు కదపకుండానే కసురుతోంది. సరిగ్గా అప్పుడు గుంత అంచు దగ్గర రెండు పెద్ద తెల్ల బూట్లు కనబడ్డాయి. మూడున్నరకే వచ్చేశాడు మహానుభావుడు!

"ఏవిటిది? నా కార్లో పేరంటం పెట్టారేవిటి?" అని పైన గొంతు ఉరిమింది.

"మేం కదల్లేదయ్యా" అంది మా అత్త, మెడ తిప్పకుండానే గర్వంగా. "కావలిస్తే మావోణ్ణి అడగండి. అరగంట దాటిపాయ. వేషం కుదిరినట్టేనా?"

గుంతలోంచి కూవందాకా సొరంగం ఉంటే ఎంత బాగుండునో అనుకున్నాను. యముడుగారు రొప్పుతూ వంగి, కారు కిందికి తల పెట్టి చూశాడు. ఆ మొహాన్ని తెరమీద చూసి ఎందరో జడుసుకున్నారు. నేను మూరెడు దూరం నుంచి చూశాను. "బుష్షులకి బరువు కావాల సార్... నిజం చెప్తే ఎవురూ ఎక్కలేదు, మీరు వేషమిస్తారని చెప్పినా సార్... మామకి చెప్పొద్దు సార్, తాళంచెవి పోతాది" అని గుసగుసగా ఏడ్చినంత పని చేశాను. ఆయన మీసం అటూ ఇటూ కదిలింది. తిడతాడనుకున్నాను.

"ఎడమ పక్కన నేను లేకుండా బరువేవిటోయ్, నీ మొహం!" అని పైకి లేచి, "జరగండమ్మా రాణీగారూ, రెండో పరీక్షుంది" అంటూ తనూ ఎక్కాడు. కారు ఇంకో రెండంగుళాలు దిగింది, మొండి బోల్టు దానంతటదే దారికొచ్చింది. ముందు మూడూ వదులు చేసి, నాలుగూ మళ్ళీ బిగించి బయటికి రాగానే వెంట వచ్చిన డ్రైవరుతో "బీచికి పోనీవోయ్" అన్నాడు. నేను ముందు సీట్లో చెవులు రిక్కించి కూర్చున్నాను. మౌంట్ రోడ్డు, ట్రామ్ పట్టాలు, గతుకులు అన్నీ దాటాం. కిర్రు లేదు, కుయ్యి లేదు. వెనక ముగ్గురు రాణులు, ఒక యముడు. సిగ్నల్ దగ్గర సైకిలువాడొకడు చూసి దణ్ణం పెట్టాడు. సముద్రం గాలి తగిలేసరికి నాకు నిజంగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పని నేర్చుకున్నానని మొదటిసారి అనిపించింది.

తిరిగొచ్చాక యముడుగారు "అమ్మా, మీరు ముగ్గురూ రాణులకంటే గొప్పగా ఉన్నారు, అదే చిక్కు. మీరు పక్కనుంటే నన్నెవరు చూస్తారు?" అని దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. అత్త ఆ మాటకి వారంరోజులు నేలమీద నడవలేదు. అవ్వ మాత్రం దిగుతూ నా చెవి పట్టుకుంది.

"ఒరే, పాతికేళ్ళుగా ఈ షెడ్డుకి ఎదురుగానే కదా ఇడ్లీలమ్ముతా ఉండేది? బరువుకి కూచోబెట్టేది నాకు తెలవదా?"

"మరెందుకెక్కినావవ్వా?"

"ఈ ఊళ్ళో పుట్టి అరవై ఏళ్ళు. కార్లో బీచికి పోవాలని నాకుండదా? ఎక్కి కూచుంటే ఎవుడో ఒకడు తోల్తాడులే అనుకున్నా."

మర్నాడు మామ నున్నటి గుండుతో దిగాడు. అత్త తన సినిమా కథంతా చెప్పింది. మామ నావైపు చూశాడు, అత్తవైపు చూశాడు, పైనుంచి కిందిదాకా తూకం వేసినట్టు చూశాడు. "ఈమె కూచున్నిందంటే సరిగ్గానే వంగుంటాదిలే" అని మొలలోంచి తాళంచెవి తీసి నా చేతిలో పెట్టాడు. ఆ మాటతో నిజం తెలిసిన అత్త ఆ వారం మాకిద్దరికీ కూడు పెట్టలేదు. అవ్వ ఇడ్లీలతో బతికాం.

మొన్న మద్రాసు శివార్లలో షోళింగనల్లూరులో మా అబ్బాయి ఫ్లాటు కింద, పాత కార్ల పిచ్చి ఉన్న కుర్రాడొకడు ఒక ముసలి కారుని జాకీ మీదెక్కించి వెనక బుష్షులు మారుస్తున్నాడు. నా ప్రాణం ఆగలేదు. దించకుండా బిగించకు నాయనా అని చెబుదామని కర్ర పొడుచుకుంటూ వెళ్ళాను. నేను నోరు తెరిచేలోగా వాడే కారు దించి, "తాతా, సుమ్మానే, ఖాళీగానే ఉండారు కదా, వెనక సీట్లో కాస్త కూచుంటారా? వెయిట్ కావాల" అన్నాడు. అరవై ఏళ్ళ సర్వీసు నాది! ఇసక మూటనా నేను? తిడదామనే అనుకున్నాను. తీరా చూస్తే చెయ్యి దానంతటదే జేబులోకి పోయి దువ్వెన తీసింది. ఉన్న నాలుగు వెంట్రుకలూ దువ్వుకున్నాను.

"కూచుంటాలే గానీ, బిగించినాక బీచి దాకా తోలాల" అన్నాను, ఎక్కుతూ.